అల్యూమినియం ట్యూబుకు పగలని ఫ్లేర్

ఫ్లేర్, అంటే ఫిట్టింగులో బిగించడానికి గరాటులా విచ్చిన ట్యూబు చివర, పగిలిందంటే తప్పు చాలాసార్లు కోతలోనే ఉంటుంది. 5052-ఓ లాంటి మెత్తటి అల్యూమినియం మిశ్రమపు ట్యూబు తీసుకోండి. 6061-టీ6 గట్టిది, విచ్చుకోబోయి చీలుతుంది. ట్యూబ్ కట్టర్‌ను చుట్టుకు కొంచెం కొంచెంగా బిగిస్తూ కోయండి. లోపలా బయటా బర్ (కోతకు లేచిన గరుకు అంచు) తీసి, అంచును సన్నటి వాటర్ పేపర్‌తో రుద్దండి. గోరుతో తడిమితే ఎక్కడ తట్టుకుంటుందో చీలిక అక్కడే మొదలవుతుంది.

నట్టు, స్లీవు (ఫ్లేర్‌ను వెనక నుంచి పట్టే చిన్న గొట్టం) ముందే ఎక్కించండి. మరిచిపోతే చేసిన ఫ్లేర్ కోసి పారేయాల్సిందే.

ఏఎన్ (విమానాల్లో, రేసు కార్లలో వాడే ప్రమాణం) ఫిట్టింగులకు 37 డిగ్రీల ఫ్లేరింగ్ టూలే కావాలి. ఏసీ మెకానిక్కులు వాడేది మామూలుగా 45 డిగ్రీలది. దానితో చేస్తే ఫ్లేర్ ఫిట్టింగు సీటు మీద సరిగా కూర్చోక కారుతుంది. టూలు కోనుకు చుక్క నూనె రాసి నెమ్మదిగా తిప్పండి. అతిగా బిగిస్తే గోడ పలచబడుతుంది. ఫ్లేర్ స్లీవు అంచు దాటితే నట్టు మరలకు రాసుకుంటుంది. మరీ చిన్నదైతే ఒత్తిడికి ఊడొస్తుంది.