షుగర్ ఉండి ఇంగ్లండ్ చదువుకి వెళ్తున్నారా? ముందు జీపీ సంగతి చూడండి

దిగిన వారంలోనే జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు రాయించుకోండి, పార్ట్ టైమ్ ఉద్యోగం వెతుకులాట ఆ తర్వాతే. మూడు నెలల ఇన్సులిన్ తెచ్చుకున్నా కదా అని నేను రెండున్నర నెలలు తాత్సారం చేశాను, తీరా రిజిస్టర్ అయ్యి, అపాయింట్‌మెంట్ దొరికి, మందు చేతికొచ్చేసరికి ఆఖరి ఇన్సులిన్ పెన్నులో రెండు రోజులకి సరిపడా మిగిలింది.

జీపీ అంటే మన వీధి చివర క్లినిక్ లాంటిదే, కాకపోతే షుగర్ స్పెషలిస్టు దగ్గరికి మనంతట మనం వెళ్లలేం, అక్కడి నుంచే పంపాలి. వీసాకి ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జి కట్టాం కాబట్టి చూపించుకున్నందుకు మళ్లీ డబ్బు అడగరు. అడ్రస్ ప్రూఫ్ లేదని రిసెప్షన్‌లో తిప్పి పంపితే, అది తప్పనిసరి కాదని మర్యాదగానే చెప్పండి.

మందులకి మాత్రం ఇంగ్లండ్‌లో డబ్బులు కట్టాలి, 2025లో ఒక్కో ఐటమ్‌కి 9.90 పౌండ్లు. కానీ షుగర్‌కి ఇన్సులినో మాత్రలో వాడేవాళ్లకి ఇది మాఫీ (ఒట్టి పథ్యంతో నెట్టుకొచ్చేవాళ్లకి కాదు). జీపీ దగ్గర ఎఫ్‌పీ92ఏ ఫారం అడగండి, సర్టిఫికెట్ మామూలుగా ఐదేళ్లు పనిచేస్తుంది, జ్వరం మందులకి కూడా. అది రాకముందే ఉందని మందుల చీటీ మీద టిక్ పెడితే జరిమానా పడొచ్చు, అందుకని ఈలోపు డబ్బు కట్టి, అప్పుడే ఎఫ్‌పీ57 రసీదు అడిగి తీసుకుంటే తర్వాత వెనక్కి తెచ్చుకోవచ్చు. స్కాట్లండ్, వేల్స్‌లో ఈ గొడవే లేదు, మందులు ఉచితం.

అంకెలు చూసి కంగారుపడకండి. వీడియో కాల్‌లో "షుగర్ ఎంత నాన్నా?" అని అమ్మ అడిగితే "ఎనిమిది" అన్నాను, ఆవిడ ఫోన్ పక్కన పడేసి నాన్నని పిలిచింది! మన లెక్కలోకి రావాలంటే ఇక్కడి మీటర్ చూపించే అంకెని 18తో గుణించాలి, అంటే నాది 144. హెచ్‌బీఏ1సీకి (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) కూడా ఇక్కడ అంకెలు వేరే, కాకపోతే 18 లెక్క దానికి పనికిరాదు, మన 7 ఇక్కడ 53.

నవ్వుకోడానికి వీల్లేని తేడా ఒకటుంది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లు, ఇక్కడిది 100. ఇక్కడి సీసాలోంచి మన ఎర్రమూత (40 యూనిట్ల) సిరంజితో అవే గీతలు చూసి లాగితే రెండున్నర రెట్లు ఎక్కిపోతుంది. తెచ్చుకున్న సీసాలు అయిపోగానే ఆ సిరంజిలు వాడటం ఆపేయండి. రూమ్మేట్లకి కూడా లో షుగర్ (షుగర్ మరీ పడిపోవడం) గురించి చెప్పి ఉంచండి, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సు కోసం 999కి కాల్ చేయాలి. అంత అర్జెంటు కాని వాటికి 111 ఉంది, ఆదివారం మందు అయిపోయినా అక్కడే అడగొచ్చు.

ఇంకా బయల్దేరని వాళ్లు ఇన్సులిన్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు. చేతి సంచిలోనే, డాక్టర్ లెటర్‌తో. ఆ లెటర్‌లో బ్రాండు పేరొక్కటే కాకుండా అసలు మందు పేరు, డోసు రాయించుకోండి, మన బ్రాండ్లు ఇక్కడ చాలామందికి తెలియవు.