ఒక బిర్యానీని ముగ్గురు అసూయ లేకుండా పంచుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా గదికి ప్రతి ఆదివారం ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ వస్తుంది. తినేది ముగ్గురం: నేను, కర్నూలు అబ్బాయి, వరంగల్ అబ్బాయి. మొదట్లో తూకం వేసి పంచుకునేవాళ్లం. గ్రాముల్లో తేడా రాకపోయినా ఎవరో ఒకరి ముఖం ముడుచుకునేది. ఒకరికి అడుగున పట్టిన మసాలా ఇష్టం, ఒకరికి ముక్కలు, నాకు వేయించిన ఉల్లిపాయలు. ఎదుటివారి పళ్లెం తనదానికన్నా మేలని ఎవరికీ అనిపించకూడదు. అదే నా దృష్టిలో న్యాయమైన పంపకం.

ఇద్దరైతే సులువు: ఒకరు రెండు పాళ్లు చేస్తారు, రెండోవారు ముందుగా తీసుకుంటారు. ముగ్గురికి జాన్ సెల్ఫ్‌రిడ్జ్, జాన్ కాన్వే అనే గణిత శాస్త్రజ్ఞులు ఎవరికి వారుగా ఒక పద్ధతి కనుగొన్నారు. మేము పాటించేది అదే.

ముందు గుడ్లను సగాలుగా, పెద్ద ముక్కలను చిన్నవిగా చేయండి. మూడు పళ్లేలు, ఒక ఖాళీ గిన్నె పెట్టుకోండి.

నా కంటికి సమానంగా తోచేలా నేను మూడు పళ్లేల్లో వడ్డిస్తాను. కర్నూలు అబ్బాయి చూసి, అన్నిటికన్నా మేలైన పళ్లెంలోంచి కొంత తీసి గిన్నెలో వేస్తాడు. ఆ పళ్లెం, దాని తర్వాతి మేలైన పళ్లెం తన లెక్కలో సమానమయ్యేదాకా తీయాలి. ముందే సమానంగా ఉంటే ఏమీ తీయనక్కర్లేదు. తర్వాత వరంగల్ అబ్బాయి తనకు నచ్చిన పళ్లెం తీసుకుంటాడు. అతను తగ్గించిన పళ్లేన్ని వదిలేస్తే కర్నూలు అబ్బాయి దాన్నే తీసుకోవాలి. ఈ షరతు మరవకండి, మొత్తం దీనిమీదే నిలబడింది. మిగిలింది నాది.

ఇక గిన్నె. వాళ్లిద్దరిలో తగ్గించిన పళ్లెం అందనివారు గిన్నెలోది మూడు సమాన పాళ్లు చేయాలి. ఆ పళ్లెం తీసుకున్నవారు ముందు, తర్వాత నేను, చివరికి పాళ్లు చేసినవారు తీసుకుంటారు.

నాకంటే ముందు ఒకరు తీసుకుంటుంటే నాకు అసూయ ఎందుకు కలగదు? అతని చేతిలోది తగ్గించిన పళ్లెం. గిన్నెలోదంతా అతనికే పోసినా, నా లెక్కలో అది నేను మొదట వడ్డించిన మూడో వంతే అవుతుంది, నా పళ్లెంలో ఆ మూడో వంతు ఎలాగూ ఉంది. ఎంత అందమైన ఆలోచన! ఇంకొకరు గడుసుతనం చూపినా, నిజాయితీగా పంచినవారికి ఈ హామీ చెక్కుచెదరదు.

నాలుగోవారు వస్తే అసూయే లేకుండా పంచడం చాలా చిక్కు. అప్పుడు పోలండ్ గణిత శాస్త్రజ్ఞులు బనాఖ్, క్నాస్టర్‌ల పద్ధతి వాడండి, అక్కడివారే అయిన గణిత శాస్త్రజ్ఞుడు స్టైన్‌హౌస్ 1948లో దాన్ని ప్రచురించారు. ఒకరు తన లెక్కలో నాలుగో వంతు తీసిపెడతారు. ఎక్కువనిపించినవారు వరుసగా కొంత తగ్గించి, తీసినది డబ్బాలో కలిపేస్తారు. చివరగా తగ్గించినవారిది ఆ వాటా, ఎవరూ తగ్గించకపోతే మొదట తీసినవారిది. మిగిలిన ముగ్గురూ మళ్లీ అలాగే చేస్తారు, ఆఖరి ఇద్దరిలో ఒకరు పాళ్లు చేస్తే ఇంకొకరు ముందు తీసుకుంటారు. తనకు నాలుగో వంతు దక్కలేదని ఎవరూ అనలేరు.