బిడ్డతో వేరే ఇల్లు తీసుకుంటున్నారా? తిరుపతిలో ఒక్క జీతంతో నెల నడపడం ఎలా?

మూడేళ్ళ కొడుకుని చంకనేసుకుని పుట్టింటి నుంచి వచ్చి తిరుపతిలో వేరే ఇల్లు తీసుకున్నప్పుడు నా జీతం 20,000. అద్దె 6,000 పోతే ఇంకా 14,000 ఉంటుంది, ఇద్దరికి ఎంత కావాలిలే అనుకున్నాను. మొదటి నెల 22వ తేదీకి పర్సులో 140 రూపాయలున్నాయి. నేను చీరలు కొనలేదు, హోటల్‌కి వెళ్ళలేదు. బకెట్, మగ్గు, చీపురు, బట్టలారేసే తాడు, దోమల బ్యాట్, కుక్కర్ గ్యాస్కెట్, డోర్‌మ్యాట్ కొన్నాను, అంతే. అమ్మ ఇంట్లో ఇవన్నీ వాటంతటవే వచ్చి కూర్చున్నట్టుండేవి.

అందుకే ఈ లెక్కని ఇల్లు మారకముందే మొదలుపెట్టమంటాను. తండ్రి ఒక్కడే బిడ్డని పెంచుతున్నా దారి ఇదే. కాకపోతే ఆడవాళ్ళకున్న ఉచిత బస్సు ఆయనకి లేదు, టికెట్ కొనాలి.

1. పుట్టింట్లో ఉండగానే రెండు నెలలు అద్దె కట్టండి

ఎవరికి కడతారంటే, మీకే. జీతం పడిన రోజే అద్దెకు అనుకున్న డబ్బు, కరెంటు, గ్యాస్, బిడ్డని చూసుకునేవాళ్ళకి ఇవ్వాల్సింది కలిపి వేరే అకౌంట్‌లోకి మార్చేయండి. పోస్టాఫీసు సేవింగ్స్ అకౌంట్ అయితే ఇంకా మంచిది, ఫోన్లో నొక్కితే పోయే డబ్బు కాకుండా ఉంటుంది. మిగిలినదాంతోనే నెలంతా బతకండి. రెండో నెల చివర్లో ఆ అకౌంట్ ముట్టకుండా ఉంటే మీరు వెళ్ళగలరు. మధ్యలో మూడుసార్లు తీసి వాడుకున్నారంటే అద్దె అంకె తగ్గించుకోవాలి, లేదా ఇంకో ఆరు నెలలు ఆగాలి. దాచిన డబ్బు ఎలాగూ అడ్వాన్స్‌కి పనికొస్తుంది.

నేనీ పని వెళ్ళాక చేశాను. అమ్మ దగ్గర రెండుసార్లు అప్పు చేసి మరీ.

2. ఇంటికన్నా ముందు బిడ్డని ఎవరు చూస్తారో తేల్చుకోండి

చాలామంది ముందు ఇల్లు చూసుకుని, తర్వాత స్కూలు, ఆ తర్వాత ఆయా కోసం వెతుకుతారు. దీన్ని తిరగెయ్యండి. మీరు డ్యూటీ దిగేసరికి ఆరున్నర, ఏడు అవుతుంది. స్కూలు మూడున్నరకో నాలుగుకో వదులుతుంది. ఆ మూడు గంటలు బిడ్డ ఎక్కడ ఉంటాడు? దానికి జవాబు దొరికిన వీధిలోనే ఇల్లు వెతకండి.

ఊరి మధ్య బైరాగిపట్టెడలోనో, కొర్లగుంటలోనో అద్దె ఎక్కువని కరకంబాడి రోడ్డు వైపు జరిగితే నెలకి 1,000 మిగలొచ్చు. కానీ బిడ్డని దింపడానికి, తేవడానికి రోజుకి 40 ఆటోకి పోతే 26 రోజులకి 1,040. మిగిలింది ఏమీ లేదు, పైగా రోజూ ముప్పావుగంట రోడ్డు మీద.

మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలైతే దగ్గర్లోని అంగన్‌వాడీని చూడకుండా వదలొద్దు. అక్కడ గుడ్డు, పాలు, మధ్యాహ్నం అన్నం పెడతారు. మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ బాగా చూసేది, పక్కవీధిలో తలుపు ఎప్పుడు తీసేవారో దేవుడికే తెలియాలి. వెళ్ళి ఒక పూట కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. ఒకటో తరగతికి వచ్చే బిడ్డకైతే విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్ళలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఉంటాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకునే రోజులు కొద్దివే, కాబట్టి వేసవికి ముందే మీ వార్డు సచివాలయంలో అడిగి పెట్టుకోండి.

3. ఇల్లు చూసేటప్పుడు అద్దె ఒక్కటే అడగొద్దు

"ఇంటాయన ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగింది మొదటి ఓనరమ్మ. "నేనూ, బాబే అక్కా" అన్నాను. "ఓ... మా వాళ్ళని అడిగి చెప్తాలే" అంది. ఇలాంటివి నాలుగు ఇళ్ళు చూశాను. ఐదో ఇంటికి ఆఫీసు ఐడీ కార్డు, మూడు నెలల జీతం స్లిప్పులు, నాయనని వెంటబెట్టుకుని వెళ్ళాను. నాయనని తీసుకెళ్ళడం నాకు నచ్చలేదు కానీ, పని అయింది.

అడగాల్సినవి: అడ్వాన్స్ ఎన్ని నెలలది, ఖాళీ చేసేటప్పుడు సున్నానికని ఎంత కోస్తారు, నీళ్ళకి వేరే డబ్బులా, పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారా. వీటన్నిటికన్నా గట్టిగా అడగాల్సింది కరెంటు మీటరు గురించి.

మీ పోర్షన్‌కి విడి మీటరుంటే ఛార్జీ శ్లాబుల ప్రకారం పడుతుంది. మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50. నెలకి 100 యూనిట్లు కాలితే 57, 135, 112.50 కలిపి 304.50. దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీ లాంటివి చేరతాయి. అదే ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి 10 రూపాయలంటే ఆ 100 యూనిట్లకి 1,000. ఓనర్లని పూర్తిగా తప్పు పట్టలేం, అందరి కరెంటూ ఒకే మీటరులో కలిస్తే వాళ్ళ బిల్లు పై శ్లాబులకి పోతుంది. కానీ తిరుపతి ఎండలకి ఏప్రిల్, మేలో ఫ్యాను రాత్రింబవళ్ళు తిరుగుతుంది. విడి మీటరున్న ఇంటికి 300 ఎక్కువ అద్దె ఇచ్చినా మీకే లాభం.

4. ఒక్క కాగితం మీద నెల

నా రెండో నెల కాగితం ఇది. మీ అంకెలు వేరుగా ఉంటాయి, వరస మాత్రం ఇలాగే పెట్టుకోండి.

అద్దె 6,000. కరెంటు, మంచినీళ్ళ క్యాన్లు 600. గ్యాస్‌కి 450, ఇద్దరికి సిలిండర్ రెండు నెలలు వస్తుందనుకుని. బియ్యం, పప్పులు, నూనె 3,000. పాలు, గుడ్లు, కూరగాయలు 3,000. స్కూలుకి 2,000. సాయంత్రం బాబుని చూసుకునే పక్కింటి పెద్దమ్మకి 1,500. ఫోను 300. ఆటోలు 600. మందులకి 500. పండగలు, చుట్టాలు 600. పోస్టాఫీసు ఆర్‌డీకి, అంటే నెలనెలా కట్టే పొదుపుకి 1,000. ఇవన్నీ పోగా నాకని మిగిలింది 450.

ఆ 450 చూసి మా ఆఫీసులో ఒకావిడ నవ్వింది. కానీ అది కాగితం మీద లేకపోతే మల్లెపూలకీ, బజ్జీలకీ, ఫోన్ కవరుకీ పాల డబ్బులు పోతాయి. నాకని కొంత రాసుకున్నాకే మిగతావి నిలబడ్డాయి.

స్కూలు 2,000 అని రాశాను కదా, నెలనెలా ఫీజు అడిగేది స్కూలు కాదు. ఏడాదికోసారి వచ్చే ఖర్చుల్ని పన్నెండుతో భాగించి పక్కన పెట్టేది నేనే. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు కలిపి 24,000 అయితే నెలకి 2,000. ఇలా పెట్టకపోతే మే, జూన్ నెలలు మనిషిని మింగేస్తాయి. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, బీమా కోత, ఎండాకాలం కరెంటు బిల్లు, జూన్‌లో స్కూలు. ఆ రెండు నెలల్లోనే బంగారం తాకట్టుకి పోయేది.

మీరు భర్త నుంచి విడిగా ఉంటే, భరణం వస్తుందన్న ఆశతో ఈ కాగితంలో ఆ డబ్బు రాయొద్దు. పడిన నెల దాన్ని దాపుడులో వేసుకోండి. కేసు వెయ్యాలంటే లాయరు ఫీజుకి భయపడక్కర్లేదు. ఆదాయం ఎంతైనా సరే, ఆడవాళ్ళకి న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసి అడగొచ్చు.

5. వంటింట్లో

టమోటా మన పక్కన మదనపల్లెలోనే పండుతుంది, అయినా 2023 జూలై, ఆగస్టుల్లో ఆ మార్కెట్‌లోనే కిలో 150 దాటింది. అలాంటప్పుడు చింతపండుతో కానిచ్చేయాలి. చవకైన వారంలో రెండు కిలోలు తెచ్చి నిల్వపచ్చడి పెట్టుకుంటే కష్టకాలంలో అదే కూర. కూరగాయలు వారానికి రెండుసార్లు రైతు బజారులో, సరుకులు నెలకోసారి ఒకే అంగట్లో. రోజూ వీధి చివర అంగట్లో చిన్న ప్యాకెట్లు కొంటే రేటు తెలియకుండానే పెరుగుతుంది.

మా ఇంట్లో ఇప్పటికీ వారంలో మూడు రాత్రులు రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ. బాబుకి సంగటిలో గుంట చేసి నెయ్యి వేస్తే చాలు. ఒంట్లో బాగాలేక వంట చేయలేని రోజు అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకి భోజనం ఉంది. అక్కడ వరసలో నిలబడటానికి మొదట సిగ్గుపడ్డాను. నా ముందు ఇస్త్రీ చొక్కా వేసుకున్న మెడికల్ రెప్ నిలబడి ఉన్నాడు.

6. రావాల్సింది రాబట్టుకోండి

దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, కానీ ముందు మీరు డబ్బు కట్టాలి, తర్వాత అకౌంట్‌లో పడుతుంది. కాబట్టి గ్యాస్‌కని రాసిన 450 కాగితం మీద ఉండాల్సిందే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ దగ్గరుంచుకోండి. తల్లికి వందనం కింద స్కూలుకి వెళ్ళే ఒక్కో బిడ్డకి 2025లో తల్లి అకౌంట్‌లో 13,000 వేశారు. ఒకటో తరగతి నుంచే వర్తిస్తుంది, ఆదాయం, కరెంటు వాడకం లాంటి షరతులున్నాయి. వితంతువులకి నెలకి 4,000 పింఛను ఉంది. ఒంటరి మహిళలకీ అంతే, కానీ వయసు షరతు ఉంటుంది కాబట్టి చిన్న వయసు వాళ్ళు ముందే అడిగి తెలుసుకోవాలి. వీటన్నిటికీ మీ వార్డు సచివాలయమే చోటు. ఊళ్ళో అమ్మానాయనల కార్డులో పేరున్నా రేషన్ బియ్యం తిరుపతిలో తీసుకోవచ్చు. కార్డు విడదీయించుకునే సంగతి అక్కడే అడగండి.

7. మీకేమైనా అయితే

ఇది ఎవరూ మాట్లాడరు. ఇంట్లో సంపాదించేది ఒక్కరే, ఆ ఒక్కరూ మీరే. బ్యాంకుకెళ్ళి రెండు ఫారాలు నింపండి: ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా. మొదటిది ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, రెండోది ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. డబ్బు మే నెలాఖర్లో అకౌంట్ నుంచి కోత పడుతుంది, అప్పుడు బ్యాలెన్స్ ఉండాలి. నామినీగా బిడ్డ పేరు రాస్తే, మైనరు కాబట్టి ఆ డబ్బు తీసుకునే పెద్ద మనిషి పేరు కూడా రాయాలి. నేను మొదట ఆ గడి ఖాళీగా వదిలేశాను. కౌంటర్లో ఉన్నావిడ వెనక్కి పిలిచి రాయించింది.

జ్వరాలకి రుయా ప్రభుత్వాసుపత్రిలో చిన్నపిల్లల విభాగం ఉంది, రద్దీగా ఉంటుంది కానీ మందుల ఖర్చు తగ్గుతుంది. ఆర్‌డీ నెలకి 100 నుంచే కట్టొచ్చు. ఆడపిల్లైతే పదేళ్ళు నిండకముందే సుకన్య సమృద్ధి తెరవండి, ఏడాదికి కనీసం 250 చాలు. వీధిలో తెలిసినవాళ్ళు నడిపే రిజిస్టర్ కాని చీటీల జోలికి పోవద్దు. నా 9,000 అలాగే పోయింది, ఆవిడ ఇప్పటికీ కనిపిస్తే "ఏమ్మా, బాగుండావా?" అంటుంది.

8. దర్శనం చుట్టాలు

ఇది తిరుపతిలో ఉండేవాళ్ళకే ఉండే పద్దు. మీరు ఇల్లు తీసుకున్నారని తెలియగానే కడప, నెల్లూరు, మద్రాసు నుంచి అందరికీ స్వామి గుర్తొస్తాడు. నాకు మొదటి ఏడాది బ్రహ్మోత్సవాల్లో మూడు కుటుంబాలు దిగాయి. ఒక సిలిండర్ నెలకే అయిపోయింది.

మరుసటి ఏడు పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసినప్పుడు ఉన్నమాట చెప్పేశాను: "అన్నా, గది విష్ణు నివాసంలోనో శ్రీనివాసంలోనో చూసుకోండి, కొండ దిగినాక టిఫిన్ మా ఇంట్లోనే." అన్న ఒక్క నిమిషం మాట్లాడలేదు. వచ్చేటప్పుడు మాత్రం చేను నుంచి ఒక సంచి చెనిక్కాయలు తెచ్చి వాకిట్లో దించాడు. ఆ నెల కాగితంలో చుట్టాల పద్దు ఎదురుగా ఖర్చు 120 అని రాసి, పక్కన "కాయలు ఒక సంచి" అని రాసుకున్నాను.