కథలో నాయకుడెవరు, ప్రతినాయకుడెవరు? పిల్లలకు ఎలా నేర్పాలి

హీరో, విలన్ అన్న మాటలు కార్టూన్లు చూసే పిల్లలకు మనం నేర్పక్కర్లేదు. ఏ కథ విన్నా "వీడు మంచోడు, వాడు చెడ్డోడు" అని తేల్చేస్తారు. నేర్పాల్సింది ఆ తర్వాతి సంగతి. కథ ఎవరి కోరిక వెంట నడుస్తుందో ఆ పాత్ర కథానాయకుడు. ఆ కోరికకు అడ్డుపడేది ప్రతినాయకుడు. మంచితనంతో దీనికి నేరుగా సంబంధం లేదు. కథ దొంగ వైపు నుంచి నడిస్తే దొంగే నాయకుడు, వెంటపడే పోలీసు ప్రతినాయకుడు. ఇదంతా నిర్వచనంలా చెబితే పిల్లలు అప్పజెప్పేస్తారు గానీ బుర్రకెక్కదు. అందుకే ఈ పెద్ద మాటలను చివరికి ఉంచుకోండి.

1. తెలిసిన కథ తీసుకోండి

కొత్త కథ అయితే తర్వాత ఏమవుతుందోనన్న ధ్యాసే ఉంటుంది. పదిసార్లు విన్న కథలో పాత్రల గురించి ఆలోచించే తీరిక దొరుకుతుంది. సింహాన్ని బావిలోకి దూకించిన కుందేలు కథ దీనికి చక్కగా సరిపోతుంది.

మూడేళ్ల పిల్లలకు మాత్రం ఈ కథ కాస్త తొందరే. నీళ్లలో కనిపించేది తన నీడేనని మనకు తెలుసు, సింహానికి తెలియదు. ఆ తేడా పట్టుకుంటేనే కుందేలు తెలివి అర్థమవుతుంది. విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు 1983లో ఇలాంటి విషయాన్నే పరీక్షించారు. ఒక పిల్లాడు చాక్లెట్ దాచి వెళ్తాడు, వాడు లేనప్పుడు అమ్మ దాన్ని వేరేచోట పెడుతుంది. తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు సాధారణంగా కొత్త చోటే చూపిస్తారు. తమకు తెలిసింది వాడికి తెలియదన్న ఊహ నాలుగైదేళ్లకు గానీ కుదురుకోదు. అంతకంటే చిన్నవాళ్లకు దాపరికాలు, మోసాలు లేని కథ ఎంచుకోండి.

2. రెండే ప్రశ్నలు అడగండి

"ఎవరికి ఏం కావాలి?", "దానికి ఏది అడ్డొచ్చింది?" కుందేలు బతకాలి, సింహం తినేస్తానంటోంది. "ఎవరు మంచి?" అని మాత్రం అడగకండి. అడిగితే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత అడ్డును తీసేసి చూడమనండి. సింహమే లేకపోతే? కుందేలు గడ్డి తిని పడుకుంటుంది. "అయితే కథేముంది!" అని పిల్లలే అంటారు. ప్రతినాయకుడు ఎందుకు కావాలో అప్పుడు తెలిసిపోతుంది.

3. విలన్ లేని కథ చెప్పండి

దాహం వేసిన కాకి కథలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. కాకికి నీళ్లు కావాలి, కానీ అవి కుండ అడుగున ఉన్నాయి. అడ్డు అంతే. ఇలాగే తుఫాను, ఆకలి, దారి తప్పడం కూడా అడ్డే. చీకటంటే భయపడే పిల్లాడి కథలో అడ్డు వాడి లోపలే ఉంటుంది. ఇది పట్టుకోవడానికి కొంచెం పెద్ద వయసు రావాలి, కంగారుపెట్టకండి.

కుందేలు, తాబేలు పందెం కథ తీస్తే ఇంట్లో గొడవ ఖాయం. నాయకుడు తాబేలా, కుందేలా? తాబేలంటే దానికి పోటీ కుందేలు. కుందేలంటే దాని గర్వమే దానికి అడ్డు. రెండూ నిలబడతాయి. ఏదో ఒకటి రైటని తేల్చకుండా "ఎందుకలా అనిపించింది?" అని అడిగి ఊరుకోండి.

4. సింహంతో కథ చెప్పించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. పిల్లలు సింహమై "నేను" అంటూ చెప్పాలి. మొదట్లో గర్జనలు తప్ప ఏమీ రావు, రానివ్వండి. మాటలు ఇలా సాగవచ్చు:

"సింహం చెడ్డది నాన్నా, అందర్నీ తినేస్తుంది."

"మరి దానికి ఆకలేస్తే ఏం తినాలి? గడ్డి తింటుందా?"

"ఊహూ... అరగదుగా."

"అయితే ఇప్పుడు నువ్వే సింహం. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. భోజనం ఇంకా రాలేదు. చెప్పు, ఏమనిపిస్తోంది?"

"కోపం! ఇంకో సింహం నా భోజనం ఆపేసిందంటే ఇంకా కోపం!"

దాంతో సింహం బావి దగ్గరికి ఎందుకు పరిగెత్తిందో దానంతటదే బయటికొస్తుంది. ఇంకొకటి. కోపం ఎందుకొచ్చిందో తెలిసినంత మాత్రాన చేసిందంతా సరైపోదు. వేధించే పిల్లల కథలు చెప్పేటప్పుడు ఈ గీత స్పష్టంగా గీయాలి. "వాడికీ బాధ ఉంది" అన్న మాట దెబ్బతిన్న పిల్లాడికి "సర్దుకుపో" అన్నట్టు వినిపించకూడదు.

5. సొంత కథ అల్లమనండి

పిల్లల కథలు చాలావరకు "పార్కుకి వెళ్లారు, ఆడుకున్నారు, వచ్చేశారు" అన్న తీరులో ఉంటాయి. తప్పు పట్టకండి. "వెళ్లేసరికి గేటు మూసి ఉంటే?" అని ఒక్క అడ్డు వేయండి, మిగతాది వాళ్లే చూసుకుంటారు. ఏ అడ్డూ లేకుండా మంత్రదండంతో అన్నీ దొరికిపోతుంటే, దండం విరిగిపోయిందని చెప్పండి.

ఈపాటికి విషయం వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి కథానాయకుడు, ప్రతినాయకుడు అన్న మాటలు ఇప్పుడు పరిచయం చేయండి. బడిలో పరీక్షకు కావాల్సింది కూడా ఆ రెండు మాటలే.