క్యాన్సర్ ట్రయల్‌లో ఎన్‌హెచ్‌ఎస్ రికార్డులు వాడాలంటే

ఇంగ్లండ్‌లో క్యాన్సర్ ట్రయల్‌లో, అంటే మనుషుల్ని గ్రూపులుగా చేసి చికిత్సల్నో పరీక్షల్నో పోల్చి చూసే అధ్యయనంలో, చేరినవాళ్ల బాగోగులు పదేళ్ల తర్వాత కూడా తెలియాలంటే వాళ్లను ప్రతిసారీ క్లినిక్‌కి రప్పించనక్కర్లేదు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కింద ఆసుపత్రిలో చేరితే హెచ్‌ఈఎస్ అనే ఆసుపత్రి రికార్డుల్లో, కీమో తీసుకుంటే సాక్ట్ అనే కీమో రికార్డుల్లో, రేడియేషన్ అయితే ఆర్‌టీడీఎస్ అనే రేడియేషన్ రికార్డుల్లో, కొత్త క్యాన్సర్ బయటపడితే జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీలో, చనిపోతే మరణాల రిజిస్టర్‌లో ఎలాగూ నమోదవుతుంది. 4 లక్షలకు పైగా మగవాళ్లతో నడిచిన క్యాప్ అనే ప్రోస్టేట్ స్క్రీనింగ్ ట్రయల్‌లో మరణాలు, కొత్త క్యాన్సర్లు తెలిసింది ఇలాంటి రికార్డుల నుంచే. అయితే ఇవేవీ మన ట్రయల్ కోసం రాసినవి కావు. హెచ్‌ఈఎస్ సంగతే తీసుకుంటే, ఆసుపత్రులకు చెల్లింపులు జరిగే లెక్కల్లోంచి అది తయారవుతుంది. ప్రతి అడుగులోనూ ఇది గుర్తుండాలి.

ముందుగా మీ ట్రయల్ ఫలితాలన్నిటినీ ఒక పట్టికలో రాసి, ఒక్కోటి ఏ రికార్డులో దొరుకుతుందో పక్కన రాయండి. మరణం, మరణించిన తేదీ నమ్మకంగా దొరుకుతాయి. మరణ కారణం దగ్గర జాగ్రత్త అవసరం. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న ముసలాయన గుండె జబ్బుతో పోయినా సర్టిఫికెట్‌లో క్యాన్సరే మూల కారణంగా పడొచ్చు. అందుకే క్యాప్‌లో ఎవరు ఏ గ్రూపో తెలియని కమిటీ కేస్ షీట్లు చదివి కారణం తేల్చింది. జబ్బు తిరగబెట్టడం రిజిస్ట్రీలో నిలకడగా నమోదు కాదు. నొప్పి, నీరసం, జీవన నాణ్యత ఎక్కడా ఉండవు. అవి రోగినే అడగాలి.

తర్వాత సమ్మతి పత్రం. అందులో డేటా ఇచ్చే సంస్థ పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. రిజిస్ట్రీ 2021 అక్టోబర్‌లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ నుంచి ఎన్‌హెచ్‌ఎస్ డిజిటల్‌కి మారింది, 2023 ఫిబ్రవరిలో ఆ డిజిటలే ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్‌లో కలిసిపోయింది. పాత పేరుతో రాసిన పత్రాలకు మళ్లీ వివరణ ఇచ్చుకోవాలి. 'జాతీయ ఆరోగ్య రికార్డులు నిర్వహించే సంస్థలు, వాటి స్థానంలో వచ్చేవి' అని రాయండి. ఏ వివరాలు పంపుతారో, ఏవి తెప్పించుకుంటారో, ఎన్నేళ్లు ఉంచుకుంటారో స్పష్టంగా చెప్పండి. స్పష్టమైన సమ్మతి ఉంటే 2018లో వచ్చిన జాతీయ ఆప్ట్-అవుట్ (తమ రికార్డులు పరిశోధనకు వాడొద్దని చెప్పుకునే వీలు) దానికి వర్తించదు.

రికార్డుల కోసం పెట్టే దరఖాస్తు తేలడానికి ఏడాది దాటడం మామూలే, కాబట్టి ట్రయల్‌లో చేరికలు మొదలైనప్పుడే పెట్టండి. సమ్మతి పత్రంలో, ప్రోటోకాల్‌లో (ట్రయల్ ఎలా నడపాలో రాసిన పత్రం), దరఖాస్తులో స్పాన్సర్ (ట్రయల్‌కి బాధ్యత వహించే సంస్థ) పేరు ఒకేలా లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది.

ఇక మీ రోగుల్ని రికార్డుల్లో గుర్తుపట్టడానికి మీరు పంపే ఫైలు. ఎన్‌హెచ్‌ఎస్ నంబర్, పుట్టిన తేదీ, జెండర్, పోస్ట్‌కోడ్, మీ ట్రయల్ నంబర్ చాలు. ఎవరు ఏ మందు గ్రూపులో ఉన్నారో పంపకండి. ఎన్‌హెచ్‌ఎస్ నంబర్‌లో 10 అంకెలుంటాయి. మొదటి 9 అంకెలను వరుసగా 10, 9, 8 అలా 2 దాకా గుణించి కూడండి. 11తో భాగించగా వచ్చిన శేషాన్ని 11లోంచి తీసేస్తే పదో అంకె రావాలి. 11 వస్తే అది 0, 10 వస్తే ఆ నంబరే తప్పు. ఈ ఒక్క పరీక్షతో టైపు పొరపాట్లు చాలావరకు పట్టుబడతాయి. స్కాట్లండ్‌ది వేరే నంబర్, వేరే దరఖాస్తు. అక్కడి రోగుల గుర్తింపు నంబరైన సీహెచ్‌ఐ పుట్టిన తేదీతో మొదలవుతుంది కనుక, 5వ తేదీన పుట్టినవాళ్ల మొదటి సున్నాని ఎక్సెల్ తినేస్తుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. తెలుగు పేర్లతో ఇంకో చిక్కుంది. ఒక ఆసుపత్రిలో ఇంటిపేరు ముందు, మరోచోట వెనక పడుతుంది. పేరు మీద ఆధారపడి జత కలపకండి.

హెచ్‌ఈఎస్ వచ్చాక వరుసలు లెక్కపెట్టి అవే అడ్మిషన్లు అనుకోకండి. ఒక్కో వరుస ఒక డాక్టర్ కింద గడిపిన ఎపిసోడ్. డాక్టర్ మారితే ఇంకో వరుస వస్తుంది. చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ చూసి ఎపిసోడ్లను ఒకే అడ్మిషన్‌గా కూర్చండి.

అందరూ తడబడేది జబ్బు తిరగబెట్టడాన్ని పట్టుకునే దగ్గర. జబ్బులకు కోడ్లు ఇచ్చే ఐసీడీ-10లో సీ77 నుంచి సీ79 వరకు కోడ్లు (క్యాన్సర్ వేరే చోటికి పాకిందని చెప్పేవి), విరామం తర్వాత మళ్లీ మొదలైన కీమో, కొత్త రేడియేషన్, వీటితో ఒక సూత్రం కట్టొచ్చు. దాన్ని ముందే రాసిపెట్టి, క్లినిక్ ఫలితాలు కూడా ఉన్న కొంతమంది రోగుల మీద సరిచూడండి. ఎన్ని తిరగబెట్లు పట్టింది, పట్టినవాటిలో ఎన్ని నిజం, తేదీ ఎన్ని వారాలు జరిగింది, ఈ మూడూ ఒక్కో గ్రూపుకి విడిగా చూడాలి. ఉదాహరణకి ఒక గ్రూపుకి ఇంజెక్షన్, ఇంకో గ్రూపుకి మాత్ర అనుకోండి. ఇంజెక్షన్ గ్రూపువాళ్లు డే కేస్‌గా (చేరి అదే రోజు వెళ్లిపోయేలా) వస్తారు, ప్రతిసారీ హెచ్‌ఈఎస్‌లో వరుస పుడుతుంది. ఇంట్లో మాత్ర వేసుకునేవాళ్లకి పుట్టదు. 'అడ్మిషన్లు' పోల్చితే కనిపించే తేడా జబ్బుది కాదు, మందు ఇచ్చే పద్ధతిది.

సర్వైవల్ లెక్కలో, అంటే ఎవరు ఎంతకాలం బతికారో చూసే లెక్కలో, ఒక తప్పు ఎంతో నష్టం చేస్తుంది. మరణాలు రిజిస్టర్ నుంచి ఇవాళ్టి దాకా తీసుకుని, బతికున్నవాళ్లను మాత్రం ఆఖరి క్లినిక్ తేదీ దగ్గర ఆపేస్తారు. అప్పుడు మరణాల రేటు ఉన్నదానికన్నా పెరిగి కనిపిస్తుంది. అందరికీ ఒకే ముగింపు తేదీ పెట్టండి, అదీ డేటా వచ్చిన రోజుకి కొన్ని నెలల ముందుది. ఎందుకంటే ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ వంటి మరణాలు సాధారణంగా కరోనర్ (మరణ కారణం విచారించే అధికారి) విచారణకు వెళ్తాయి, అది ముగిశాకే నమోదవుతాయి. దేశం విడిచి వెళ్లినవాళ్లను మాత్రం వెళ్లిన తేదీ దగ్గరే ఆపాలి. చివరి రోజులు ఇండియాలో పిల్లల దగ్గర గడిపిన మనిషి మరణం ఆ రిజిస్టర్‌కి చేరకపోవచ్చు. అలా ఆపకపోతే ఆయన లెక్కలో ఎప్పటికీ బతికే ఉంటాడు.

మందు వల్ల అనుకోని తీవ్ర ప్రమాదం జరిగితే ఔషధ నియంత్రణ సంస్థకు తెలియజేయడానికి గడువు ప్రాణాంతకమైనవాటికి 7 రోజులు, మిగతావాటికి 15. నెలల తర్వాత చేతికొచ్చే హెచ్‌ఈఎస్ ఆ పనికి రాదు. ఆ నివేదికలు ఆసుపత్రి నుంచి నేరుగానే రావాలి.