రోవర్ ఫొటోలో వింత కనిపిస్తే ఎలా తేల్చుకోవాలి

వాట్సాప్‌లో వచ్చిన అంగారకుడి ఫొటోను వేళ్లతో సాగదీసి ఎంతసేపు చూసినా ఏమీ తేలదు. అది మన దాకా వచ్చేలోపు ఒకరు కత్తిరించి, మరొకరు స్క్రీన్‌షాట్ తీసి, ఇంకొకరు ఏఐ యాప్‌లో వేసి 'క్లియర్' చేసి ఉంటారు. ఆ యాప్ అసలు ఫొటోలో లేని అంచులు గీస్తుంది, ముఖంలా ఉన్న నీడకు కళ్లు కూడా పెడుతుంది. అందుకే మూల ఫ్రేమ్, అంటే రోవర్ పంపిన అసలు చిత్రం, చేతికి వచ్చేదాకా ఆ ఫొటోలో ఏముందో ఎవరికీ ఏమీ చెప్పకండి.

మూల ఫ్రేమ్ పట్టుకోవడం

అంగారకుడి మీద తిరిగే క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్లు పంపే ముడి చిత్రాలను నాసా తన సైట్లో అందరికీ ఉచితంగా పెడుతుంది. రోవర్‌ను ఎంచుకుని, కెమెరా పేరుతోనూ సోల్ నంబరుతోనూ వడకట్టండి. సోల్ అంటే అంగారకుడి మీద ఒక రోజు: 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. పోస్టులో సోల్ నంబరు లేకపోతే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వెతికి, అన్నిటికన్నా పాత పోస్టు దాకా వెళ్లండి. నంబరు సాధారణంగా అక్కడ ఉంటుంది.

దొరికిన ఫైలు పేరులోనే సగం సమాచారం ఉంటుంది. క్యూరియాసిటీ నావ్‌క్యామ్ ఫైలు 'ఎన్ఆర్‌బి_449790582ఇడిఆర్_ఎఫ్...' అని మొదలైందనుకోండి. ఎన్ అంటే నావ్‌క్యామ్ (దారి చూసుకునే జంట కెమెరా), ఆర్ అంటే ఆ జంటలో కుడి కన్ను, బి అంటే రోవర్‌లోని రెండు కంప్యూటర్లలో బి వైపుది. తర్వాతి తొమ్మిది అంకెలు రోవర్ గడియారం చూపే సెకన్లు. ఇవి 2000 జనవరి 1 మధ్యాహ్నం నుంచి లెక్క. 86,400తో భాగిస్తే 5,205.9 రోజులు, అంటే 2014 ఏప్రిల్ 3. ఆ గడియారం కొన్ని నిమిషాలు అటూఇటూ జరుగుతుంది కాబట్టి తేదీ వరకే దీన్ని నమ్మండి, కచ్చితమైన సమయం చిత్రం పేజీలోనే చూసుకోండి. ఇడిఆర్ తర్వాతి అక్షరాన్ని మాత్రం వదలకండి. ఎఫ్ అయితే పూర్తి ఫ్రేమ్, ఎస్ అయితే అందులోంచి కత్తిరించిన ముక్క, డి అయితే కుదించినది, టి అయితే థంబ్‌నెయిల్. థంబ్‌నెయిల్‌ను పెద్దది చేసి 'ఇదిగో విగ్రహం' అన్న పోస్టులు ఎన్నో. పర్సెవరెన్స్ ఫైళ్లలోనైతే కెమెరా అక్షరాల పక్కనే సోల్ నంబరు నాలుగు అంకెల్లో ఉంటుంది.

రెండో కన్ను ఏం చూసింది

పైన చెప్పిన ఫైలే సోల్ 589 నాటి 'అంగారకుడి మీద వెలుగు' ఫొటో. దిగంతం దగ్గర నేల మీంచి తెల్లటి కాంతి లేచినట్టు కనిపిస్తుంది. సెకను తేడాలో తీసిన ఎడమ కన్ను ఫ్రేమ్‌లో అదే చోటు స్పష్టంగా ఉంది, వెలుగు మాత్రం లేదు. అక్కడ నిజంగా దీపమో మంటో ఉంటే రెండు కళ్లకూ కనపడాలి. కాస్మిక్ కిరణం (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణం) సెన్సర్‌ను తాకడం, కెమెరా పెట్టెకున్న రంధ్రంలోంచి ఎండ లోపలికి దూరడం, రాతి మీద ఎండ తళుక్కుమనడం వంటి కారణాలను కెమెరా బృందం చెప్పింది. అప్పుడు సూర్యుడు ఆ దిక్కునే, కిందికి వాలి ఉన్నాడు. అందుకే ఏ మెరుపు కనిపించినా సూర్యుడు ఎటు ఉన్నాడో కూడా చూడాలి.

ఆ మచ్చ దగ్గరకు 800 శాతం జూమ్‌తో వెళ్లండి. ఇమేజ్‌జె గానీ జింప్ గానీ (రెండూ చిత్రాల సాఫ్ట్‌వేర్లే) వాడండి, పెద్దది చేసేటప్పుడు మెత్తబరిచే సెట్టింగ్ ఆపేయండి. లెన్స్ గుండా వచ్చిన కాంతి చుట్టుపక్కల పిక్సెళ్లలోకి మెల్లగా తగ్గుతూ పాకుతుంది. కాస్మిక్ కిరణానికి లెన్స్‌తో పని లేదు. ఒకటి రెండు పిక్సెళ్లు, లేదా సన్నని గీత, పక్కనే ఒక్కసారిగా చీకటి. ఇక్కడ ఒక చిక్కుంది: జేపెగ్ అనే ఫైలు పద్ధతి చిత్రాన్ని 8×8 పిక్సెళ్ల గళ్లుగా కుదిస్తుంది. పదునైన చుక్క చుట్టూ ఆ గడి మేరకు అలలు పుడతాయి, వాటినే కొందరు 'కాంతి వలయం' అనుకుంటారు.

అదే కెమెరా అదే రోజు తీసిన మరో నాలుగైదు ఫ్రేములు కూడా తెరవండి. వేర్వేరు దృశ్యాల్లో మచ్చ అదే ఎక్స్, వై (అడ్డు, నిలువు) స్థానంలో కూర్చుంటే అది చెడిన పిక్సెల్, లేదా లెన్స్ మీది ధూళి. నల్లటి దీర్ఘచతురస్రాలు దాచిపెట్టిన చోట్లు కావు, భూమికి ఇంకా చేరని డేటా. కొన్నాళ్లకు మళ్లీ చూస్తే తరచుగా నిండిపోయి ఉంటాయి. పర్సెవరెన్స్ నావ్‌క్యామ్ 5120×3840 చిత్రాన్ని ముక్కలుగా పంపుతుంది, వాటి అతుకుల దగ్గర వెలుగు తేడా సహజం.

ఎంత దూరం, ఎంత పెద్దది

పరిమాణం లెక్కకట్టకుండా 'ద్వారం', 'మనిషి' అనేయడం వల్లే ఎక్కువ పొరపాట్లు. క్యూరియాసిటీ నావ్‌క్యామ్ పూర్తి ఫ్రేమ్ 1024×1024. ఒక్కో పిక్సెల్ చూసే కోణం 0.82 మిల్లీరేడియన్లు (అంటే 0.00082 రేడియన్లు), రెండు కళ్ల మధ్య దూరం 42 సెంటీమీటర్లు. ఎడమ, కుడి ఫ్రేముల్లో ముందు దిగంతం మీద బాగా దూరపు కొండ కొనను పట్టుకుని, దాని ఎక్స్ విలువల తేడా రాసుకోండి. తర్వాత అనుమానపు వస్తువు తేడా కొలిచి, అందులోంచి కొండ తేడా తీసేయండి. 512ను ఆ మిగిలిన పిక్సెళ్లతో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 50 పిక్సెళ్లయితే సుమారు 10 మీటర్లు, 10 అయితే 51. తేడా 5 పిక్సెళ్ల లోపు ఉంటే ఒక్క పిక్సెల్ పొరపాటు కూడా దూరాన్ని చాలా మార్చేస్తుంది, అలాంటప్పుడు అంకె చెప్పకండి.

దూరం వచ్చాక పరిమాణం తేలికే: పిక్సెళ్లు × 0.00082 × దూరం. 20 మీటర్ల దూరంలో 10 పిక్సెళ్ల వస్తువు 16 సెంటీమీటర్లు. క్యూరియాసిటీ స్తంభం మీది రంగుల కెమెరా మాస్ట్‌క్యామ్ కుడి కన్నుకు 0.00082 బదులు 0.000074, ఎడమ కన్నుకు 0.00022 వేయండి. కుదించిన ఫ్రేమ్ అయితే, అంటే 1024 కాస్తా 512 అయితే, ఆ పిక్సెల్ కోణపు అంకెను రెట్టింపు చేయాలి. కత్తిరించిన ముక్కకు మాత్రం రెట్టింపు అక్కర్లేదు. ఈ రెండింటినీ కలిపేసుకునే వాళ్లు చాలామంది. 2022 మేలో క్యూరియాసిటీ తీసిన 'గుమ్మం' ఈ లెక్కకు నిలవలేదు. రాతిలో పగుళ్లు కలిసిన ఆ సందు ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 40.

నిన్న లేనిది ఇవాళ ఉంటే

అంగారకుడి మీది పాత రోవర్ ఆపర్చునిటీ 2014 జనవరిలో చూపిన రాయి దీనికి మంచి పాఠం. సోల్ 3528 ఫ్రేమ్‌లో ఖాళీ నేల, సోల్ 3540లో అదే చోట సుమారు 4 సెంటీమీటర్ల రాయి. తర్వాత పైవాలులో రోవర్ చక్రం పగలగొట్టిన రాయి కనిపించింది, ముక్క అక్కడినుంచే వచ్చింది. కాబట్టి కొత్తగా ఏదైనా కనిపిస్తే ముందు రోవర్ ఆ మధ్య ఎటు కదిలిందో, చక్రం ఎక్కడ తిరిగిందో చూడండి. 2022 జులైలో పర్సెవరెన్స్ ముందు కనిపించిన చిక్కుపడ్డ దారం కూడా ల్యాండింగ్ సామగ్రి నుంచి ఊడినదే. తాడును చూసి పామనుకోవడం అంటే ఇదే, కాకపోతే ఇక్కడ తాడు కూడా మనం పంపిందే. క్యూరియాసిటీ జాడల్లో క్రమం తప్పని చుక్కలు, గీతలు కనిపిస్తే కంగారు పడకండి. చక్రాలకు ఉన్న రంధ్రాలు జేపీఎల్ (రోవర్‌ను నడిపే నాసా ప్రయోగశాల) అనే అక్షరాలను మోర్స్ కోడ్‌లో నేల మీద అచ్చువేస్తాయి.

'మార్చేశారు' అన్న అనుమానం

ఫొటో మార్చారనే అనుమానాన్ని కొట్టిపారేయకూడదు, పరీక్షించాలి. ముందు అది ఒకే ఫ్రేమా, అతికిన మొజాయిక్కా చూడండి. రోవర్ సెల్ఫీలో చెయ్యి కనపడదని ఏళ్లుగా గొడవ. 2012 అక్టోబరు 31 నాటి క్యూరియాసిటీ సెల్ఫీ 55 ఫ్రేముల అతుకు, చెయ్యి ఒక్కో ఫ్రేమ్‌కు చోటు మారుతుంది, అది కనపడని ముక్కలే వాడారు. అతుకు దగ్గర ఒకే రాయి రెండుసార్లు రావడం కూడా కెమెరా కాస్త జరగడం వల్లే.

నిజమైన కాపీ-పేస్ట్‌ను ఇలా పట్టుకోండి. ఒకేలా ఉన్న రెండు చోట్లలో ఒకదాన్ని జింప్‌లో కొత్త లేయర్‌గా చేసి, రెండోదాని మీదికి జరిపి, మోడ్ 'డిఫరెన్స్' పెట్టండి. పిక్సెల్ గరుకుతో (ప్రతి ఫ్రేమ్‌లో వేరుగా పడే సన్నని చుక్కల తేడాతో) సహా పూర్తి నలుపు వస్తే అనుమానించాల్సిందే. రాళ్ల ఆకారాలు సరిపోయి గరుకు మిగిలిపోతే అవి వేర్వేరు ఫ్రేములు. మొత్తం తెలుపో నలుపో అయిపోయిన చోట్ల మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. ఫొటోలో మార్పులు పట్టిస్తామనే ఎర్రర్ లెవెల్ అనాలిసిస్ సైట్లను నమ్మకండి. గట్టి అంచు ఉన్న ప్రతి చోటా అవి మెరుస్తాయి.

రంగుల విషయంలో 2004 నాటి గొడవ తెలిసి ఉండాలి. స్పిరిట్ రోవర్ మీద రంగులు సరిచూసుకోవడానికి ఉన్న ఫలకంలోని నీలం గులాబీగా కనిపించగానే 'రంగు పూసేశారు' అన్నారు. అసలు సంగతి ఫిల్టర్‌లో ఉంది. ఎరుపు స్థానంలో 753 నానోమీటర్ల పరారుణ ఫిల్టర్ వాడారు, ఆ నీలి వర్ణకం పరారుణంలో బాగా ప్రకాశిస్తుంది. ఏ ఫిల్టర్‌తో తీశారో తెలియకుండా రంగు గురించి వాదించకండి.

ఇంకా అనుమానం తీరకపోతే నాసా డేటా భాండాగారమైన ప్లానెటరీ డేటా సిస్టమ్‌కు వెళ్లండి. కొన్ని నెలలు ఆలస్యమైనా జేపెగ్ కాని ఫైళ్లు అక్కడికి వస్తాయి. చిత్రం వివరాలుండే లేబుల్ ఫైలులో ఇమేజ్ రికార్డు నంబరులోంచి ఒకటి తీసేసి, రికార్డు బైట్లతో గుణిస్తే ఆఫ్‌సెట్, అంటే ఫైలులో చిత్రం మొదలయ్యే చోటు, వస్తుంది. ఇమేజ్‌జెలో 'ఇంపోర్ట్ రా'కు వెళ్లి 16 బిట్ సైన్డ్, 1024×1024, ఆ ఆఫ్‌సెట్ ఇవ్వండి. చిత్రం ఇసుక చల్లినట్టు వస్తే లిటిల్ ఎండియన్ (బైట్ల వరుస చెప్పే సెట్టింగ్) టిక్ తీసేయండి.

చంద్రయాన్-3కీ ఇదే పద్ధతి. 2023 ఆగస్టులో ప్రజ్ఞాన్ చక్రం చంద్రుడి నేల మీద అశోక స్తంభాన్ని చక్కగా ముద్రించినట్టు తిరిగిన బొమ్మ రోవర్ తీసింది కాదు, కంప్యూటర్లో గీసింది. ఆ యాత్ర డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్లో ఉంది, ఖాతా తెరిచి దించుకోవచ్చు.

ఫలితం రాసేటప్పుడు ఫైలు పూర్తి పేరు, సోల్, మచ్చ ఎక్స్-వై స్థానం, రెండో కన్ను ఫ్రేమ్ పేరు, దూరం లెక్క ఇవ్వండి. సున్నా పై ఎడమ మూలనుంచా, కింది మూలనుంచా అన్నది కూడా రాయండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు కింది నుంచి లెక్కపెడతాయి, అది తెలియక చదివేవాళ్లు వేరే రాయిని చూస్తూ కూర్చుంటారు.