స్లో డెత్ హుక్‌తో వాలై (walleye) చేపలు పట్టేందుకు పడవ ఎక్కే ముందు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్తుంటే ముందు లైసెన్స్ చూసుకోండి, ఎన్ని చేపలు, ఎంత సైజువి ఉంచుకోవచ్చో కూడా చూసుకోండి, కొన్ని సరస్సులకు లెక్క వేరుగా ఉంటుంది.

స్లో డెత్ హుక్ అంటే వానపామును ఎరగా గుచ్చే వంకర గాలం ముల్లు. అది వంకరగా ఉందని ప్లయర్‌తో సరిచేయొద్దు, వానపామును తిప్పేది ఆ వంకరే. సగం వానపామును తెగిన వైపు కాకుండా తల వైపు నుంచి గుచ్చి, హుక్ కన్ను (లైన్ కట్టే రంధ్రం) దాటేదాకా మెల్లగా ఎక్కించి, చివర ఒక అంగుళం వేలాడనివ్వండి. పడవ పక్కనే నీళ్లలో లాగి చూడండి, గిరగిరా తిరగకపోతే మళ్లీ గుచ్చాల్సిందే.

స్వివెల్ (లైన్ మధ్యలో కట్టే, గిరగిరా తిరిగే చిన్న లోహపు ముక్క) తప్పనిసరి, లేకపోతే లైన్ మెలికలు పడిపోతుంది. పడవ వేగం గంటకు మైలు దరిదాపుల్లో చాలు.

పిల్లలు పక్కనుంటే, హుక్ కంట్లో గుచ్చుకోకుండా వాళ్లకు కళ్లద్దాలు పెట్టండి. మిగిలిన వానపాములను దయచేసి గట్టున వదలొద్దు, చెత్తబుట్టలోనే వేయండి, అక్కడి అడవులకు అవి పరాయివి, నేల మీది ఆకుల పొరంతా తినేస్తాయి.